సోమవారం కట్టిన కాడి

"కాకులకు నా గొడుగే దొరికిందామ్మా?"

విజయభాస్కర్ మిద్దె మెట్ల మీద నిలబడి విరిగిన కమ్మీని వేలితో వంచి చూస్తున్నాడు. మిద్దె మీద ఆంజినమ్మ తడి చీర పరిచి వడియాలు పెడుతోంది.

"నల్లగుడ్డ కడితే దాని పక్కన్నే కూచోని తింటాండాయి. గొడుగైతే గాలికి ఊగుతాది. భయపడతాయి."

"కమ్మీ విరిగింది చూడు."

"విరిగితే విరగనీ. నువ్వేమన్నా దుడ్లు పెట్టి కొన్నావా? ఎవరో ఊరికే ఇచ్చినారు, తెచ్చుకున్నావు."

"ఊరికే ఇచ్చినా నాకే గదా ఇచ్చింది."

"నీకైతే నీ ఫోటో స్టూడియోలో పెట్టుకో. ఇంట్లోకి వచ్చింది ఇంటిది."

ఆకుపచ్చ, పసుపు ముక్కలు కలిపి కుట్టిన పెద్ద గొడుగు అది. నిరుడు గాలికి ఒక ముక్క చిరిగితే ఆంజినమ్మ దాన్ని కత్తిరించి పారేసి, పాత రవికె గుడ్డతో అతుకు వేసింది. మిగిలిన ముక్కల మీద ఏదో బొమ్మ ఉండేది. ఇప్పుడు ఎండకు వెలిసి మరకలా మిగిలింది.

"నువ్వు లాయరువి గదా, తీర్పు చెప్పు," అని ఆంజినమ్మ కిందికి కేకేసింది.

"లాయర్లు తీర్పు చెప్పరత్తా. నాకు బస్సు పోతాది," అంది ప్రశాంతి చెప్పులు వేసుకుంటూ.

ఆంజినమ్మ ఆమెకు అత్తే కాదు, మేనత్త కూడా. విజయభాస్కర్ వరసకు ముందే బావ. తగవులో రెండు పక్కలా తన రక్తమే కాబట్టి, పెళ్లయిన ఇన్నేళ్లలో ప్రశాంతి ఆ ఇంట్లో ఎవరి పక్షమూ తీసుకోలేదు.

నిన్న సాయంత్రం యాడికి మండలం వైపు పడిన వాన బుక్కరాయసముద్రం దాకా రాలేదు. బస్సు తాడిపత్రి దాటాక గాని నేల తడిసిన రంగు కనిపించలేదు. ప్రశాంతి కిటికీలోంచి చూడటం మానేసి సంచిలోని కాగితాలు మళ్లీ చదువుకుంది.

కేసు చిన్నదిగా మొదలైంది. సిరికాయ సీడ్స్ అనే కంపెనీ అమ్మిన చెనిక్కాయ విత్తనం వేస్తే చెట్టు ఏపుగా పెరిగింది, పూత పూసింది, కాని నేలలోకి ఊడలు దిగలేదు. పీకి చూస్తే కింద వేరు తప్ప కాయ లేదు. నలుగురు రైతుల పేరుతో, నష్టపోయిన మూడు వందల పైచిలుకు మంది తరఫున, విష్ణువర్ధన్ అనే సీనియర్ లాయరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేశాడు. ఏడాది తిరగకముందే కంపెనీతో రాజీకి వచ్చాడు. రాజీ ప్రకారం లాయరుకు ఫీజు నగదుగా ముడుతుంది. రైతులకు కూపన్లు ముడతాయి. ఆ కూపన్ చూపిస్తే అదే కంపెనీ విత్తనం సగం ధరకు ఇస్తారు. దీనికి కమిషన్ ఆమోదం పడితే, ఒప్పుకున్నవాళ్లూ ఒప్పుకోనివాళ్లూ ఎవరూ ఆ పంట గురించి మళ్లీ ఏ తలుపూ తట్టలేరు.

ఒప్పుకోనివాడు ఒక్కడే బయటికి వచ్చాడు. కొట్టాల ఊరి ఆదెప్ప. అతని తరఫున ప్రశాంతి, ఆమెతో కలిసి ఆఫీసు నడిపే ఎలిజబెత్ అభ్యంతరం దాఖలు చేశారు. ఇలాంటి రాజీలను అడ్డుకోవడమే వాళ్ల ఆఫీసు పని. ఫీజు ఇవ్వగలిగినవాళ్లు ఆ మెట్లు అరుదుగా ఎక్కుతారు.

కమిషన్ ఒక షరతు పెట్టింది. రాజీ సంగతి ఊళ్లో సభ పెట్టి చదివి వినిపించాలి, రైతుల మాట వినాలి. సభ జరిగిందని విష్ణువర్ధన్ ప్రమాణపత్రం ఇచ్చాడు. పోయిన నెల రెండో సోమవారం పొద్దున, రైతు సేవా కేంద్రం ముందర, అందరూ చేతులెత్తి ఒప్పుకున్నారని దాంట్లో ఉంది. సాక్ష్యంగా వీడియో జత చేశాడు. దాని నకలు ప్రశాంతికి శనివారం సాయంత్రం అందింది. విచారణ రేపు మంగళవారం పొద్దున.

సభే జరగలేదని ఆదెప్ప అంటున్నాడు. వీడియోలో చేతులు లేచే ఉన్నాయి.

* * *

ఆదెప్ప ఊళ్లో రైతు సేవా కేంద్రం ముందు ప్రశాంతి చాలాసేపు తిరిగింది. మొదట ఆమెకు ఏమీ దొరకలేదు. వీడియోలో ఉన్న గోడే ఇక్కడా ఉంది. మెట్టు పగులు కూడా అదే. నీడలు పొద్దుటి పూట ఎటు పడాలో అటే పడ్డాయి. ఊళ్లోవాళ్లు వరుసగా కూర్చుని చేతులు ఎత్తుతున్నారు. మాటలు లేవు, పైన ఏదో పాట పెట్టారు.

"ఎత్తు మీది నుంచి తీసినారు," అంది ఆమె ఆదెప్పతో. చుట్టూ చూసి నీళ్ల ట్యాంకు ఇనుప మెట్లు నాలుగెక్కింది. ఫోను కళ్ల ముందు పెట్టుకుని, వీడియోలోని గోడ ఎదురుగా ఉన్న గోడతో కలిసేదాకా పక్కకు జరిగింది. కెమెరా నిలబడిన చోటు ఇదే.

గోడకు అవతల చేను కనిపించింది. తడిసిన ఎర్రనేల, ఖాళీగా ఉంది.

"ఆ చేను ఎవరిదన్నా?"

"నాదేనమ్మా," అన్నాడు కింద నిలబడిన ఆదెప్ప. బక్కపలచటి మనిషి. భుజం మీది తువ్వాలు ఒక చోట నిలవదు.

"నిన్న వానకు పదునయింది గదా?"

"మంచి పదును. రేపు తెల్లార్తోనే కాడి కట్టల్ల."

"ఈ పొద్దే కట్టుండొచ్చు గదా? ఈ ఎండకు సాయంత్రానికే పైన ఆరిపోతాది."

ఆదెప్ప ఆమె వైపు వింతగా చూశాడు. "సోమారం గదమ్మా."

ప్రశాంతి మెట్టు మీదే ఉండిపోయింది. ఆమె నాయన కూడా సోమవారం కాడి పట్టేవాడు కాదు. సోమవారం బసవన్నది. వాన కోసం నెలల తరబడి ఆకాశం చూసిన మనిషి, వాన పడిన మర్నాడు సోమవారమైతే ఎద్దులకు నీళ్లు పోసి, బొట్టు పెట్టి, చేతులు కట్టుకుని కూర్చుంటాడు. పదును పోతుందని తెలిసి కూడా కూర్చుంటాడు. పిల్లప్పుడు అది ఆమెకు మూర్ఖత్వంలా కనిపించేది. ట్రాక్టర్లు వచ్చాక ఆ మాటే మరచిపోయింది.

ఆమె వీడియోను వెనక్కి జరిపింది. ఎత్తిన చేతుల పైన, గోడ అవతల, గోరంత సైజులో ఒక జత ఎద్దులు గుంటక లాగుతున్నాయి. శనివారం నుంచి ఎన్నిసార్లు చూసినా ఆమె చూపు చేతుల మీదే ఆగిపోయింది.

కిందికి దిగి బొమ్మను పెద్దది చేసి ఆదెప్పకు చూపించింది. అతను తువ్వాలుతో అద్దం తుడిచి దగ్గరగా పెట్టుకున్నాడు.

"బొల్లిగాడు," అన్నాడు చివరికి. "కుడిపక్క ఎద్దు. ముఖం తెల్లగుండాది చూడు. కాయ రాకపోయె, ఇంట్లో జరుగుబాటు ల్యాకపోయె. పోయిన దసరా ముందర సంతలో అమ్మేస్తి. ఇప్పుడు జతకు మా బామ్మర్ది ఎద్దును తెచ్చి కట్టుకుంటాండా."

"అయితే ఇప్పుడు నీ ఇంటి ముందర కట్టేసున్న జత?"

"ఒకటి నాది, ఒకటి వానిది. బొల్లిగాడు యాడుండాడో ఏమో."

పంట పోయిన సంగతి తేల్చడానికి పెట్టిన సభలో, పంట పోయినందుకు అమ్మేసిన ఎద్దు చేను దున్నుతోంది. ప్రశాంతి ఫోను జేబులో పెట్టుకుంది.

"ఎర్రన్నను పిలువన్నా. ఎద్దు సంగతి మాత్రం ఎత్తద్దు."

* * *

కేసు నలుగురి పేరుతో ఉంటే ఆ నలుగురిలో మొదటి పేరు ఎర్రన్నది. తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. అరుగు మీద కూర్చోమంటే తువ్వాలుతో దులిపి కూర్చున్నాడు.

"సభ ఎప్పుడు జరిగిందన్నా?"

"పోయిన్నెల. సోమారం."

"నువ్వున్నావా?"

"ఉండకేం? ముందర్నే కూచోనుంటి."

"రాజీ ఎవరు చదివినారు?"

"లాయరే చదివినాడు."

"ఏముండాది దాంట్లో?"

"అదే... కాగితంలో ఉండేది. నాకు చెవులు సరిగ్గా ఇనపడవమ్మా."

"నేనడిగేవన్నీ బాగానే ఇనపడతాండాయే."

ఆదెప్ప నవ్వాడు. ఎర్రన్న అతన్ని చురచురా చూశాడు.

ప్రశాంతి ఫోను ఇచ్చింది. "ఈ చెయ్యి నీదేనా?"

"నాదే. అబద్ధమెందుకు చెప్తా?"

"నీ పక్కనుండేది?"

"మా తమ్ముడు."

"ఆ మూలన?"

"నల్లమ్మ, వీని పెండ్లామే. చూడు, వీడు ఒప్పుకోలేదంటాండాడు, పెండ్లాం చెయ్యెత్తింది!"

"వెనక చేన్లో గుంటక తోలేదెవరు?"

"ఆదెప్ప గాక ఇంకెవరు? ఊర్లో ఇంక ఎద్దులు ఎవరికుండాయి—"

ఎర్రన్న నోరు అక్కడే ఆగింది. ఫోను వైపు, చేను వైపు, మళ్లీ ఫోను వైపు చూశాడు.

"సోమారం కాడి కట్టినాడా ఆదెప్ప?" అని ప్రశాంతి మామూలుగా అడిగింది.

ఎర్రన్న ఫోను అరుగు మీద పెట్టేశాడు.

"ఏం మామా, చెప్పు," అన్నాడు ఆదెప్ప. "నేను సోమారం కాడి కడితే నువ్వు ఊరుకున్నావా? ఊరంతా టముకు ఏసుండవా? బొల్లిగాన్ని అమ్మిన పొద్దు సంతకు నాతో వచ్చింది నువ్వే గదా. వాడు దాంట్లో నడుస్తాండాడు, సరిగ్గా చూడు."

"నన్నేమీ అడగద్దమ్మా," అన్నాడు ఎర్రన్న.

"ఒక్కటే అడుగుతా," అంది ప్రశాంతి. "దేనికి చెయ్యెత్తినావు?"

ఎర్రన్న తువ్వాలు మడిచాడు, విప్పాడు. "గొడుగుకు."

"ఏమి?"

"గొడుగుకమ్మా. నిరుడు విత్తనం అమ్మేకి వచ్చినారు గదా. 'మా విత్తనం ఎవరెవరు ఏస్తారో చెయ్యెత్తండి, ఎత్తినోళ్లకు గొడుగు' అన్నారు. ఎండలు చూస్తివి గదా. అందరం ఎత్తినాం."

"విత్తనం గురించి ఏం చెప్పినారు ఆ పొద్దు?"

"వాన తక్కువైనా ఊడ దిగుతాదన్నారు. కాయ రాకపోతే పూచీ కంపెనీదే అని మైకులో చెప్పినారు. అది నమ్మే గదా అందరం ఏసింది."

"ఇది తెలిసి కూడా రాజీ మీద సంతకం పెట్టినావా?"

"మా పిల్లోనికి కంపెనీ గోడౌన్లో పని ఇచ్చినారు," అన్నాడు ఎర్రన్న నేల చూస్తూ. "నీకేం, సాయంత్రం బస్సెక్కి పోతావు. మేము ఈన్నే ఉండల్ల."

ప్రశాంతి అరుగు మీది ఫోను తీసుకుంది. ఆమె ఆలోచన ఇంకోచోట ఉంది. పాట కింద ఒక గొంతు ఉండేది. ఆ గొంతు మైకులో పూచీ ఇచ్చింది. దాన్ని ఎవరో తీసేశారు. తీయని అసలు వీడియో దొరికితే రాజీ కూలిపోవడమే కాదు, కంపెనీ మీద మొదటి కేసే గెలుస్తుంది.

* * *

కారు వచ్చి సేవా కేంద్రం మెట్టుకు ఆనుకుని ఆగింది. విష్ణువర్ధన్ దిగాడు. ఇస్త్రీ చెదరని తెల్లచొక్కా, నెమ్మది గొంతు. జిల్లా కోర్టుల్లో అతను అరిచినట్టు ఎవరూ విన్నది లేదు.

"ఏమ్మా ప్రశాంతీ, నా కక్షిదారులను నాకు చెప్పకుండానే పలకరిస్తాండావే?"

"ఆదెప్ప నా కక్షిదారు. ఎర్రన్న దావ పట్టిపోతా కూచున్నాడు."

ఎర్రన్న లేచి తెల్లచొక్కా దులుపుకుని వెళ్లిపోయాడు. ఎవరి వైపూ చూడలేదు.

"ఇదిగో, చెల్లెలు లాంటిదానివని చెప్తాండా. రాజీ చెడిపోతే ఈ మూడు వందల మంది పదేండ్లు కోర్టుల చుట్టూ తిరగల్ల. కూపనన్నా చేతికొస్తే సంతోషపడతారు. పైనుంచి కింద దాకా అప్పీళ్లకు పోయేంత ఓపిక కంపెనీకి ఉండాది. వీళ్లకుండాదా?"

"ఆ మాట సభలో చెప్పుంటే బాగుండేదన్నా."

"చెప్పినాం. అందరూ చెయ్యెత్తినారు."

"సోమారమే గదా?"

"సోమారమే. ప్రమాణం చేసి ఇచ్చినా."

"మీ ఇంట్లో ఎద్దులుండినాయా అన్నా?"

విష్ణువర్ధన్ ఆ ప్రశ్నకు తయారుగా లేడు. "ఎద్దులెందుకు? నేను పుట్టకముందే మా నాయన ట్రాక్టర్ కొనె. ఎందుకడుగుతాండావు?"

"ఊరికే."

అతను కొంచెంసేపు ఆమె ముఖం చదవడానికి ప్రయత్నించాడు. ఆదెప్ప చేను వైపు చూశాడు. అక్కడ ఏముందో అతనికి తెలియలేదు, ఏదో ఉందని మాత్రం తెలిసింది. గొంతు ఇంకా నెమ్మదించింది.

"వీడియోలో ఏదో దొరికిందనుకుంటాండావు. సరే. రేపు లేచి అది దొంగదని చెప్పు. అప్పుడు కమిషన్ మెంబరు ఏమడుగుతాడు? తీసినోణ్ని పిలువమంటాడు. పాట అతికించినోణ్ని పిలువమంటాడు. వాడెవడో నీకు తెలుసునా?"

"మీకు తెలుసు గదా. మీరే చెప్పండి."

"నేనెందుకు చెప్పల్ల? తెలుసుకో పో. తెలుసుకున్నాక నీ అర్జీ నువ్వే వాపసు తీసుకుంటావు." కారు తలుపు తీశాడు. "తోడు లేకుండా నేను బాయి దగ్గరికి పోను చెల్లెమ్మా. నేను పడితే ఒక్కణ్నే పడను."

కారు వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. అతను ఏం చెప్పాడో ఆదెప్పకు అర్థం కాలేదు. ప్రశాంతికి కూడా అప్పటికి కాలేదు.

బస్సు ఆగే చోటు దాకా నల్లమ్మ తోడు వచ్చింది. ఎండ మాడుస్తుంటే చేతిలోని గొడుగు విప్పి ఇద్దరికీ పట్టింది.

"మళ్లా అదే విత్తనం తెచ్చి చేన్లో పోస్తే, మిగిలిన ఎద్దు కూడా పోతాదమ్మా," అంది నల్లమ్మ. "ఎద్దు పోతే ఇంక ఈయన ఊర్లో ఉండడు. బెంగళూరుకు పోయి వాచ్‌మన్ పని చూసుకుంటానంటాండాడు. బసవన్నను ఇడిసి ఆడ ఏం బతుకుతాడు?"

ప్రశాంతి తల పైకెత్తింది. ఆకుపచ్చ, పసుపు. ఆకుపచ్చ, పసుపు. ఎండ పైనుంచి కొట్టి గుడ్డను వెలిగిస్తోంది. నల్లమ్మ దాన్ని జాగ్రత్తగా వాడుకున్నట్టుంది, రంగు పోలేదు. ముక్కల మీద చెనిక్కాయ బొమ్మ స్పష్టంగా ఉంది. ఇంట్లో గొడుగుకు రవికె గుడ్డ అతుకు ఉన్న చోట, దీని మీద 'సిరికాయ సీడ్స్' అనే అక్షరాలు ఉన్నాయి.

"ఈ గొడుగు సభలో చెయ్యెత్తినోళ్లకే ఇచ్చినారా?"

"మాకూ, వాళ్లతో వచ్చినోళ్లకూ. మైకాయన, ఫోటోలు తీసే ఆయన, అందరికీ ఇచ్చినారు."

బస్సులో కూర్చుని ప్రశాంతి పాట వినపడకుండా వీడియో పెట్టింది. ఈసారి మనుషులను చూడలేదు, చేతులను చూడలేదు, ఎద్దులను చూడలేదు. కెమెరా ఎలా కదులుతోందో చూసింది. కుడి చివర మొదలై, ఎడమకు మెల్లగా జరిగి, ఆగే ముందు చిన్నగా ఉలిక్కిపడింది. బంధువుల పెళ్లి వీడియోలన్నింటిలో ఆమె ఆ ఉలికిపాటు చూసింది. విజయభాస్కర్ ఎడమ మణికట్టు ఒకసారి విరిగి అతుక్కుంది. అప్పటి నుంచి అతని కెమెరా కుడి నుంచి ఎడమకే తిరుగుతుంది, చివర్లో ఒకసారి అదురుతుంది.

* * *

ఆంజినమ్మ సంగటి ముద్దలు వేసి, చెనిక్కాయల ఊరుబిండి వడ్డించి, తనూ కంచం ముందు పెట్టుకుంది. గొడుగు తలుపు వెనక ఆనించి ఉంది. పొద్దుటి తగవు ఇంకా తెగలేదు.

"బావా, ఆ గొడుగు ఎవరిచ్చినారు?"

"నువ్వు కూడా మొదలుపెట్టినావా? ఏదో విత్తనాల కంపెనీ."

"పోయిన నెల, వాళ్ల సభలో నువ్వు తీసిన వీడియో కోసం నీ దగ్గరికి ఎవరన్నా వచ్చినారా?"

విజయభాస్కర్ ముద్ద తుంచడం ఆపాడు. "విష్ణువర్ధన్ గుమాస్తా వచ్చినాడు. మాటలు తీసేసి పాట పెట్టియ్యమన్నాడు. చేసిచ్చినా."

"ఎందుకని అడగలేదా?"

"లేదు."

"ఎందుకడగలేదు?"

అతను కంచంలోకి చూశాడు. "అడిగుంటే చెప్పుండేటోడు. అందుకే అడగలేదు."

ప్రశాంతి ఊరు సంగతి చెప్పింది. సోమవారం, బొల్లిగాడు, ఎర్రన్న, కారు పక్కన విష్ణువర్ధన్ అన్న మాట. మధ్యలో ఎవరూ తినలేదు.

"జిల్లాలో ఇన్ని స్టూడియోలుండంగా నా దగ్గర చేయించింది దానికేనా?" అన్నాడు విజయభాస్కర్.

"తీసింది నువ్వే కాబట్టి నీ దగ్గరికి వచ్చినాడు. నువ్వు నా మొగుడివని తెలిసినాక ఇంకా ధైర్యం వచ్చింటాది."

"మాటలుండే అసలు వీడియో నా దగ్గర ఉండాది. నేను ఏదీ చెరపను."

"తెలుసు."

"అది బయట పెడితే నన్ను కూడా లోపలేస్తారా?"

"కేసు పెట్టొచ్చు. తెలిసి చేసినావా, తెలియక చేసినావా అని అడుగుతారు. ఇప్పుడు నాకు చెప్పిందే అక్కడా చెప్పల్ల. అది నీకు మంచి చేసే జవాబు కాదు."

"పెట్టకపోతే?"

"ఆదెప్ప చేన్లో మళ్లా అదే విత్తనం పడతాది."

ఆంజినమ్మ కొడుకును చూసింది, కోడలిని చూసింది. ప్రశాంతి చెయ్యి కడుక్కోకుండానే చెప్పింది.

"రేపు ఈ కేసులోంచి నేను తప్పుకుంటా. మొగుడు సాక్షి, పెండ్లాం లాయరైతే, ఇదంతా ఇంట్లో అల్లిన కథ అంటాడు విష్ణువర్ధన్. ఎలిజబెత్ వాదిస్తాది, బస్సులో నుంచే ఫోన్ చేసి మాట్లాడినా. ఆదెప్ప తరఫున మొదటి సాక్షివి నువ్వే బావా. నువ్వు రానంటే ఆమే కోర్టు నుంచి సమను తెప్పిస్తాది. నేను అడ్డం పడను."

విజయభాస్కర్ ఎడమ మణికట్టును కుడిచేత్తో నొక్కుకున్నాడు. తర్వాత ముద్ద తుంచి బిండిలో అద్దుకున్నాడు.

"సమను ఎందుకులే," అన్నాడు. "ఎన్ని గంటలకు రావల్ల?"

"పదిన్నరకు."

ఆంజినమ్మ లేచి తలుపు వెనక ఉన్న గొడుగు తీసింది. విరిగిన కమ్మీని లోపలికి మడిచి, దారంతో గట్టిగా కట్టి, కొడుకు పక్కన గోడకు ఆనించింది.

"ఇది కూడా తీస్కపోండి. కాకులకు నేను ఇంకోటి చూసుకుంటా."